షార్న్‌హెల్మ్ అమ్మాయి డ్రాగన్ జ్వాలలు వెలిగించగలదా?

చలిమంట | శుక్రవారం, రాత్రి 10:15

అందరికీ నమస్కారం. మేము ఐదుగురం శనివారం రాత్రుళ్లు పాచికలతో, పాత్రలు వేసుకుని ఆడుకునే ఆటలో పెద్ద చిక్కు వచ్చి పడింది. రేపు రాత్రిలోగా తేల్చుకోవాలి.

మా కథ 'ఎల్డర్ స్క్రోల్స్' వీడియో గేమ్‌ల ఊహా ఖండం టామ్రియెల్‌లో, మూడో యుగం 433లో నడుస్తోంది. ఆ వరుసలోని 'ఆబ్లివియన్' ఆట మొదలయ్యే ఏడాదే అది. ఏడో ఉరియల్ సెప్టిమ్ చక్రవర్తినీ, ఆయన ముగ్గురు కొడుకులనూ మిథిక్ డాన్ అనే రహస్య ముఠా హంతకులు చంపేశారు. ఇంతవరకు అసలు ఆటలో ఉన్నదే. ఆ తరువాత మా దారి వేరైంది. మా బృందం దారిలో ఒక పల్లెను కాపాడటానికి ఆగింది, చక్రవర్తికి మిగిలిన రహస్య కొడుకు, పూజారి మార్టిన్ ఉన్న క్వాచ్ ఊరు చేరేసరికి ఆలస్యమైంది. గుడి తలుపులు అప్పటికే విరిగి ఉన్నాయి. మార్టిన్ చనిపోయాడు. పాచికలు అలా పడ్డాయి, నేను వాటిని మార్చలేదు. ఆ రాత్రి మా టేబుల్ దగ్గర చాలాసేపు ఎవరూ మాట్లాడలేదు.

ఇప్పుడు చక్రవర్తులు మెడలో వేసుకునే అమ్యులెట్ ఆఫ్ కింగ్స్, ఇక్కడ రాజుల పతకం అని రాస్తాను, చక్రవర్తి అంగరక్షకుల పెద్ద జాఫ్రీ దగ్గర ఉంది. వేసుకునే మనిషి లేడు. రాజధానిలోని టెంపుల్ ఆఫ్ ద వన్ గుడిలో, కొత్త చక్రవర్తి పతకంతో వెలిగించాల్సిన డ్రాగన్ జ్వాలలు ఆరిపోయాయి. రాక్షసుల లోకం ఆబ్లివియన్‌కు ఊరికొక ద్వారం తెరుచుకుంటోంది.

మా బృందంలో ఒకామె పాత్రది హై రాక్‌లోని షార్న్‌హెల్మ్. అండోరాక్ వంశపు పిల్ల. రెండేళ్ల కిందట ఆట మొదలుపెట్టినప్పుడే, ఇదంతా జరుగుతుందని ఎవరికీ తెలియకముందే, ఆమె తన పాత్ర వంశాన్ని అలా రాసుకుంది. పోయిన వారం లేచి, 'నన్ను ఆ గుడికి తీసుకెళ్లండి' అంది.

ఆమె పతకం వేసుకుంటే మెడలో నిలుస్తుందా? జ్వాలలు వెలుగుతాయా? గేమ్ మాస్టర్‌గా నేను ఏది చెబితే అది చెల్లుతుంది, నిజమే. కానీ ఆ లోకంలో ఉన్న న్యాయం ప్రకారం చెప్పాలని ఉంది. ఆమె ఈ చర్చ చూడదు, కాబట్టి నిస్సంకోచంగా రాయండి.

పాతరాతలు | శుక్రవారం, రాత్రి 10:52

అండోరాక్ పేరు వినగానే ప్రాణం లేచి వచ్చింది. ఆ పేరు గుర్తున్నవాళ్లు చాలా తక్కువ. తెలియనివారి కోసం వెనక్కి వెళ్తాను.

పిచ్చివాడని పేరుపడిన మూడో పెలాజియస్‌కు భార్య కటారియా. ఆమె డార్క్ ఎల్ఫ్. భర్తకు మతి చెడినప్పుడు రాజ్యభారం ఆమె మీద పడింది. మూడో యుగం 153లో ఆయన పోయాక కూడా 200 దాకా ఆమే సామ్రాజ్ఞి. తరువాత వాళ్ల కొడుకు కాసిండర్ వచ్చాడు, రెండేళ్లకే పోయాడు. అతని తరువాత సింహాసనం ఎక్కిన నాలుగో ఉరియల్ కటారియా కొడుకే కానీ పెలాజియస్ కొడుకు కాదు. ఆమె మరో భర్తకు పుట్టినవాడు. కాసిండర్ అతన్ని చట్టప్రకారం సెప్టిమ్ కుటుంబంలోకి దత్తత తీసుకున్నాడు.

ఆ నాలుగో ఉరియల్ కొడుకే అండోరాక్. 247లో తండ్రి పోగానే సామ్రాజ్యపు పెద్దల సభ ఎల్డర్ కౌన్సిల్ అతన్ని పక్కన పెట్టి, మూలవంశానికి దగ్గరి దాయాది అయిన రెండో సెఫోరస్‌కు కిరీటం ఇచ్చింది. అండోరాక్ తొమ్మిదేళ్లు పోరాడాడు. చివరికి సంధి కోసం షార్న్‌హెల్మ్ రాజ్యాన్ని అతనికి వదిలేశారు.

కనుక మీ అమ్మాయిలో సెప్టిమ్ రక్తం చుక్క కూడా లేదు. ఆమె ముత్తాతలకు ఉన్నది పేరు, దత్తత పత్రం, ఒక ఓడిన యుద్ధం. నా సమాధానం: పతకం నిలవదు.

కొలోవియా_రౌతు | శుక్రవారం, రాత్రి 11:08

నాదీ అదే మాట. 'ఆబ్లివియన్' ఆడినవాళ్లందరికీ తెలుసు, పతకం చేతిలో ఉన్నా మన పాత్ర మెడలో వేసుకోలేదు. అది నిలవదు. ఆట మొత్తం ఆ ఒక్క నియమం మీద నిలబడింది. ఎవరు పడితే వాళ్లు వెలిగించగలిగితే ఒక మామూలు పూజారిని వెతుక్కుంటూ మండుతున్న ఊళ్లోకి ఎందుకు పరుగెత్తాం? మార్టిన్ చావుకు మీ బృందం చెల్లించాల్సిన మూల్యం ఇదే. దాన్ని తేలిక చేయకండి.

నివురు | శుక్రవారం, రాత్రి 11:41

పాతరాతలు గారూ, మీరు చెప్పిన చరిత్రలోనే మీ తీర్పుకు ఎదురుసాక్ష్యం ఉంది.

కటారియాకు సెప్టిమ్ రక్తం లేదు. నాలుగో ఉరియల్‌కూ లేదు. 153 నుంచి 247 వరకు, మధ్యలో కాసిండర్ రెండేళ్లు తీసేస్తే, తొంభై ఏళ్లకు పైగా ఆ వంశపు రక్తం లేనివాళ్లే ఏలారు. ఆ కాలంలో ఆబ్లివియన్ ద్వారాలు తెరుచుకున్నాయని ఎక్కడా లేదు. పైగా కటారియాను జనం ఎంతో అభిమానించారు. జ్వాలలకు రక్తమే కావలసి ఉంటే, అన్నేళ్లు వాటిని వెలిగించి నిలిపింది ఎవరు?

ఇంకా వెనక్కి వెళ్దాం. వంశం స్థాపించిన టైబర్ సెప్టిమ్ తరువాత మనుమడు మొదటి పెలాజియస్ మూడేళ్లయినా ఏలలేదు. సంతానం లేకుండా హత్యకు గురయ్యాడు. 41లో కిరీటం పెట్టుకున్న కింటైరా టైబర్ సోదరుడి కూతురు. అంటే ఆ తరువాత వచ్చిన సెప్టిమ్‌లు ఎవరూ టైబర్ కడుపున పుట్టినవారి సంతతి కాదు. ఏడో ఉరియల్ కాదు, మార్టిన్ కూడా కాదు!

చివరగా మిథిక్ డాన్ నాయకుడు మాంకర్ కామొరన్. తన స్వర్గంలో అతని మెడలో పతకం వేలాడుతూనే ఉంది కదా. కొలోవియా గారు దీనికి ఏమంటారు?

కొలోవియా_రౌతు | శుక్రవారం, రాత్రి 11:55

మాంకర్ వేసుకున్నది అతను కట్టుకున్న లోకంలో. అక్కడ నియమాలు అతనివి. గుడిలో జ్వాలల ముందు నిలబెట్టి చూస్తే తెలిసేది. దొంగ మెడలో ఉన్నంతమాత్రాన మంగళసూత్రానికి అర్థం వస్తుందా?

కటారియా సంగతి మాత్రం నా దగ్గర జవాబు లేదు. ఒప్పుకుంటున్నాను.

ఓరుగల్లు_కోట | శనివారం, ఉదయం 7:20

పొద్దున్నే చదివాను. దత్తతను ఇక్కడ అందరూ కాగితం ముక్కలాగా తీసిపారేస్తున్నారు. నాకు మనసొప్పడం లేదు.

మా ఊరి చరిత్రే చూడండి. రుద్రమదేవికి కొడుకులు లేరు. కూతురు ముమ్మడమ్మ కొడుకు ప్రతాపరుద్రుణ్ణి దత్తపుత్రుడిగా స్వీకరించింది. 1289 నుంచి 1323 వరకు ఓరుగల్లును ఏలినవాడు ఆయనే. ఆయన హక్కు తక్కువదని ఈ గడ్డ మీద ఎవరైనా అంటారా? అక్కడ రక్తసంబంధం కూడా ఉంది, కాదనను. కానీ కూతురి బిడ్డను వంశంలో నిలబెట్టింది దత్తతే.

అండోరాక్‌ను కాదన్నది కౌన్సిల్. జ్వాలలు కాదన్నాయని ఎక్కడ ఉంది? మండపంలో కూర్చున్న పెద్దల మాటనే గుడిలోని దేవుడి మాట అనుకుంటున్నామేమో ఆలోచించండి.

పాతరాతలు | శనివారం, ఉదయం 8:05

చివరి వాక్యం దగ్గర ఆగిపోయాను. నిన్న నేను చేసిన పొరపాటు అదే. కౌన్సిల్ తీర్పును అకటోష్ దేవుడి తీర్పుగా చదివాను.

రాత్రి పడుకునే ముందు మూల ఒడంబడిక వివరాలు మళ్లీ తిరగేశాను. మొదటి యుగం 243లో అలెస్సియా ఐలీడ్ ఎల్ఫ్‌ల బానిసత్వాన్ని తెంచింది. అకటోష్ ఆమెకు రాజుల పతకం ఇచ్చాడు. షరతులు రెండు. సామ్రాజ్యం అకటోష్‌నూ ఆయన తోటి దేవతలనూ కొలుస్తూ ఉండాలి. అలెస్సియా వారసులు పతకాన్ని ధరిస్తూ ఉండాలి. అది సాగినంతకాలం ఆబ్లివియన్‌కూ మన లోకానికీ మధ్య గోడ గట్టిగా ఉంటుంది.

మరి అలెస్సియా వారసులంటే ఎవరు? తరువాత సామ్రాజ్యం ఏలిన రీమన్ ఆమె వంశంలో పుట్టలేదు. టైబర్ ఆ ఇద్దరి వంశాల్లోనూ పుట్టలేదు. మూడు వంశాలు, మధ్యలో శతాబ్దాల ఖాళీ, అయినా ముగ్గురికీ జ్వాలలు పలికాయి. జ్వాలలు వెలిగించే అర్హతగా చెప్పే డ్రాగన్ రక్తం అంటే తండ్రి నుంచి కొడుక్కి దిగే రక్తం అనుకోవడం మన అలవాటు. అలా అనుకుంటే ఈ మూడు పేర్లను ఒక వరుసలో పెట్టలేం.

కొలోవియా_రౌతు | శనివారం, ఉదయం 8:31

ఆ ఖాళీ గురించి కూడా చెప్పండి. మొదటి యుగం 2920లో మూడో రీమన్ హత్యకు గురయ్యాడు. రెండో యుగం 854లో టైబర్ కిరీటం పెట్టుకున్నాడు. మధ్యలో ఎనిమిది వందల ఏళ్ల పైమాట. ఆ మధ్యకాలంలో, రెండో యుగం 578లో, సింహాసనం పట్టిన వారెన్ తానే డ్రాగన్ రక్తం వాడినని లోకానికి చూపించబోయాడు. పతకంతో జ్వాలలు వెలిగించే క్రతువు మొదలుపెట్టాడు. పక్కనే ఉన్న మంత్రగాడు మానిమార్కో ఆ క్రతువును చెడగొట్టాడు. సోల్‌బర్స్ట్ అనే మంత్రవిస్ఫోటం జరిగింది. ఆకాశం నుంచి ఆబ్లివియన్ రాక్షసరాజు మోలాగ్ బాల్ లంగర్లు దిగాయి. 'ఎల్డర్ స్క్రోల్స్ ఆన్‌లైన్' కథంతా ఆ ఒక్క పూట నుంచి పుట్టిందే.

అర్హత తేలకుండా ఆ క్రతువుకు దిగితే పతకం జారి కిందపడటంతో సరిపోతుందనుకోకండి. చలిమంట గారూ, మీ అమ్మాయికి ఈ భయం తెలియాలి.

అరణి | శనివారం, మధ్యాహ్నం 2:10

నేను ఈ వేదికలో ఎక్కువగా చదువుతాను, తక్కువ రాస్తాను. ఈ చర్చ చదువుతుంటే చిన్నప్పటి ఒక దృశ్యం కళ్ల ముందు కదిలింది. రాయకుండా ఉండలేకపోయాను.

కోనసీమలో మా తాతగారి ఊళ్లో ఒక ఆహితాగ్ని ఉండేవారు. ఇంట్లో గార్హపత్యం, ఆహవనీయం, దక్షిణాగ్ని అని మూడు అగ్నులు. రోజూ ఉదయం, సాయంత్రం అగ్నిహోత్రం. వేసవి సెలవులకు వెళ్లినప్పుడు మేము గుమ్మం బయట నిలబడి చూసేవాళ్లం. లోపలికి రానిచ్చేవారు కాదు. పొగ వాసన, నెయ్యి వాసన ఇప్పటికీ గుర్తే.

ఆయన పోయినప్పుడు నేను అక్కడే ఉన్నాను. ఆ అగ్నులతోనే ఆయనకు దహనం చేశారు. యజ్ఞపాత్రలు ఆయన దేహం మీదే పెట్టారు. నేను తాతగారిని అడిగాను, 'మరి ఆ నిప్పును వాళ్ల అబ్బాయి ఉంచుకోవచ్చు కదా?' అని. తాతగారు చెప్పింది ఇది: ఆ నిప్పు ఆయనది, ఆయనతోనే వెళ్తుంది. కొడుక్కి కావాలంటే భార్యతో కలిసి తానే ఆధానం చేయాలి. అరణులనే రెండు కొయ్యలు మథించి కొత్తగా పుట్టించుకోవాలి. ఇల్లు వస్తుంది, పొలం వస్తుంది, నిప్పు మాత్రం వారసత్వంగా రాదు.

ఇప్పుడు డ్రాగన్ జ్వాలల సంగతి చూడండి. చక్రవర్తి పోగానే అవి ఆరిపోతాయి. ఎందుకు ఆరాలి? ఉన్న నిప్పును కొత్త చక్రవర్తి కాపాడుకుంటే సరిపోయేది కదా. మధ్యలో ఈ ప్రమాదకరమైన చీకటి ఎందుకు? ఇరవై ఏళ్లుగా ఈ ఆట ఆడుతున్నా నాకు ఈ ప్రశ్న తట్టలేదు. నిన్నటి నుంచి మీరందరూ 'వారసుడు ఎవరు' అని అడుగుతున్నారు. ఆ జ్వాలలు మాత్రం వారసత్వాన్ని ప్రతిసారీ తెంచి, మళ్లీ మొదటి నుంచి అడుగుతున్నాయి. తండ్రి వెలిగించాడన్నది కొడుక్కి పనికిరాదు. అలెస్సియా నిలబడ్డ చోటే ప్రతి ఒక్కరూ ఒంటరిగా నిలబడాలి. ఒడంబడికను ఆమె లాగే కొత్తగా చేసుకోవాలి.

రక్తం ఉన్నవాళ్లకు గుడి గడప దాకా దారి సులువవుతుందేమో. లోపల మాత్రం ఎవరికైనా అవే అరణులు.

నివురు | శనివారం, మధ్యాహ్నం 3:02

అరణి గారూ, మీకు నమస్కారం. రెండు మూడు సార్లు చదివాను.

చరిత్రలో రాజులకూ ఇదే పద్ధతి కనిపిస్తుంది. పర్షియాలో క్రీ.శ. 224లో సస్సానియన్ రాజ్యం స్థాపించిన అర్దషీర్ నాణేలు చూడండి. ఒక వైపు రాజు ముఖం, రెండో వైపు అగ్నివేదిక. రాజుకు తన పేరిట అగ్ని ఉండేది. పాలనా సంవత్సరాలను ఆ అగ్నితో లెక్కించేవారు. తండ్రి అగ్ని తండ్రిది, కొడుకు అగ్ని కొడుకుది.

దీనికి భిన్నమైన నిప్పు కూడా ఉంది. గుజరాత్‌లోని ఉద్వాడలో పార్శీల పవిత్రాగ్ని ఇరాన్‌షా. 1742 నుంచి ఆ ఊళ్లో ఉంది. అంతకుముందు ఎన్నో చోట్లకు చేతులు మారుతూ వచ్చింది. దాన్ని ఆరనివ్వరు. అది ఒక తరం నుంచి మరో తరానికి అందే నిప్పు. అక్కడ వారసుడి పని వెలిగించడం కాదు, కాపాడటం.

డ్రాగన్ జ్వాలలను మనం ఇన్నాళ్లు ఉద్వాడ నిప్పులాగా ఊహించుకున్నాం. అవి అర్దషీర్ నిప్పులాంటివి. అందుకే కటారియా చిక్కు ఇప్పుడు నాకు చిక్కుగా లేదు. ఆమె వెలిగించింది, అవి వెలిగాయి. అంతే.

పాతరాతలు | శనివారం, సాయంత్రం 4:45

ఇంకొక్కటి. మనం మార్టిన్‌ను కొలమానంగా పెట్టుకుని మాట్లాడుతున్నాం. కానీ మార్టిన్ డ్రాగన్ జ్వాలలు వెలిగించనే లేదు!

గుర్తు చేసుకోండి. పతకం మెడలో వేసుకుని గుడికి బయలుదేరేసరికే రాజధానిలో మరో రాక్షసరాజు మెహ్రూన్స్ డేగన్ అడుగుపెట్టాడు. జ్వాలలు వెలిగించే సమయం దాటిపోయింది. అప్పుడు మార్టిన్ పతకాన్ని పగలగొట్టాడు. తన ప్రాణాన్ని అకటోష్‌కు ఇచ్చి డ్రాగన్ రూపమెత్తాడు. డేగన్‌ను తరిమి అక్కడే రాయి అయిపోయాడు. మూడో యుగం ఆ గుడిలోనే ముగిసింది. ఆ తరువాత జ్వాలల అవసరమే లేకుండా పోయింది. కౌన్సిల్ పెద్ద ఒకాటో కొన్నేళ్లు రాజ్యం నిలబెట్టాడు, అతన్నీ చంపేశారు. ఆపైన కొలోవియా నుంచి టైటస్ మీడ్ వచ్చి కత్తితో సింహాసనం పట్టాడు. పతకం లేదు, జ్వాల లేదు, అయినా అతని వంశమే ఏలింది.

అందరిలో నిక్కమైన రక్తం ఉన్నవాడు జ్వాల వెలిగించలేదు. ఏ రక్తమూ లేని కటారియా కాలంలో జ్వాల ఆరలేదు. ఈ రెండూ పక్కపక్కన పెట్టుకుంటే, నిన్న రాత్రి నేనిచ్చిన తీర్పు నిలబడదు. వెనక్కి తీసుకుంటున్నాను.

కొలోవియా_రౌతు | శనివారం, సాయంత్రం 5:30

నేను సగమే వెనక్కి తీసుకుంటాను. రక్తం తప్పనిసరి కాదని ఒప్పుకున్నా, సులువుగా ఇవ్వకండి. అలెస్సియా తిరుగుబాటు నడిపింది. రీమన్, టైబర్ ముక్కలైన రాజ్యాలను ఒకటి చేశారు. మార్టిన్ ప్రాణం ఇచ్చాడు. షార్న్‌హెల్మ్ అమ్మాయి ఏమిస్తుంది? ఆమెను ఆ ప్రశ్న అడగండి. పాచికలతో తేల్చకండి. ఈ ఒక్క ఘట్టంలో పాచికలు ముట్టుకోకండి, దయచేసి.

ఓరుగల్లు_కోట | శనివారం, సాయంత్రం 5:41

కౌన్సిల్ ముందు దత్తత పత్రం చదివే దృశ్యం కూడా పెట్టండి. 247లో ఆ కుటుంబానికి జరిగిన అవమానం గురించి ఎవరో ఒకరు గట్టిగా మాట్లాడాలి.

చలిమంట | ఆదివారం, ఉదయం 11:20

రాత్రి రెండింటికి ఆట ఆపాం. అందరి మాటలూ కాగితం మీద రాసుకుని కూర్చున్నాను. జరిగింది రాస్తాను.

కౌన్సిల్ దృశ్యం పెట్టాను. ఒకాటో పాత్ర నేనే వేశాను. ఆమె దత్తత పత్రం చదివింది. నేను ఒకాటోగా, 'సభ్యులు ఒప్పుకున్నా జ్వాలలు ఒప్పుకోవాలి కదమ్మా' అన్నాను. ఆమె వెంటనే, 'మా ముత్తాతను కాదన్నప్పుడు జ్వాలలను అడిగారా?' అంది. నేను ఆమెకు ఏమీ చెప్పలేదు, ప్రమాణం. ఓరుగల్లు గారి మాట ఆమె నోట తనంతట తానే వచ్చింది.

కొలోవియా గారు చెప్పిన భయం జాఫ్రీ చేత చెప్పించాను. వారెన్ కథ మొత్తం. టేబుల్ దగ్గర మిగతా ముగ్గురూ వద్దన్నారు. ఒకరైతే పతకాన్ని జాఫ్రీ వాళ్ల కోట క్లౌడ్ రూలర్ టెంపుల్‌లో దాచేద్దామని గట్టిగా వాదించారు.

గుడిలోకి వెళ్లాం. చుట్టూ వేదికలన్నీ చల్లగా ఉన్నాయి. జాఫ్రీ పతకం చాచాడు. నేను అడిగాను: 'ఏమిస్తావు?' పాచికలు నా డబ్బాలోనే ఉంచి మూత పెట్టాను.

ఆమె చాలాసేపు ఆలోచించింది. పతకం మెడలో వేసుకోలేదు. రెండు చేతుల్లో పట్టుకుని కూర్చుంది. ఆమె అన్న మాట నాకు గుర్తున్నంతలో ఇది: 'జారిపోతుందేమో అన్న భయం నాకు లేదు. నిలిచిపోతే నేను ఏమి కావాలో ఇంకా తెలియదు. ఈ రాత్రి ఇక్కడే ఉంటాను. మా వాళ్లు తొమ్మిదేళ్లు ఈ కిరీటం కోసం మనుషుల్ని చంపారు. ముందు వాళ్ల పేర్లన్నీ ఇక్కడ చెప్పాలి.'

ఆ తరువాత నిజంగానే పేర్లు చెప్పడం మొదలుపెట్టింది. అండోరాక్ యుద్ధంలో పోయినవాళ్లవి. అప్పటికప్పుడు అల్లిన పేర్లే. కానీ ఒక్కొక్కరికి ఒక ఊరు, ఒక పని. గాడిదలు తోలేవాడు. వంతెన కాపలావాడు. ఇద్దరు అక్కచెల్లెళ్లు. కాసేపటికి మిగతా ముగ్గురూ అందుకున్నారు. క్వాచ్‌లో పోయినవాళ్ల పేర్లు కలిపారు. చివర్లో ఎవరో మార్టిన్ పేరు చెప్పారు.

అక్కడ ఆపాను. జ్వాలల గురించి నేను ఒక్క ముక్క కూడా చెప్పలేదు. చెప్పాల్సింది ఏమిటో నాకు ఇప్పుడు తెలుసు.

కొలోవియా_రౌతు | ఆదివారం, ఉదయం 11:34

రెండో సగం కూడా వెనక్కి తీసుకుంటున్నాను.

అరణి | ఆదివారం, మధ్యాహ్నం 12:15

వచ్చే శనివారం ఎన్ని గంటలకు మొదలుపెడతారు? పక్కన కూర్చుని వినడానికి అనుమతి ఉంటుందా? మాట్లాడను.

చలిమంట | ఆదివారం, మధ్యాహ్నం 12:22

రాత్రి తొమ్మిదికి. తప్పకుండా రండి. ఆమెకు మాత్రం ముందుగా ఏమీ చెప్పకండి.